బొట్టు పెట్టిన బందూకులు

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది. సినిమా చూసిన జనం మహా అయితే ఒక చీర కొంటారు, కమ్మలు కొంటారు, మరీ మురిసిపోతే హీరో తొడిగిన చొక్కా రంగు వెతుక్కుంటారు, అంతకు మించి హాల్లోంచి ఇంటికి ఏమీ తెచ్చుకోరని. డిగ్రీ పాసై మొదటి కొలువులో చేరిన ఏడాదే ఆ నమ్మకం పోయింది. జనం తుపాకులు కూడా తెచ్చుకుంటారు. అవీ ఇప్పటివి కావు. ముత్తాతల ముత్తాతలు మోసినవి, గొట్టం మూతి నుంచి మందు కూరి, వత్తి అంటించి, అది ఎప్పుడు పేలుతుందా అని ఎదురుచూడాల్సినవి. అవి పేలేలోపు ఎదుటివాడు చాయ్ తాగి కూడా రావచ్చు. అటువంటి తుపాకుల కోసం రోజంతా మోగే ఫోను ఎత్తి, "కొత్తది కావాల్నా అన్నా, కిరాయికి కావాల్నా" అని అడిగిన మనిషిని నేను. (ఇప్పుడు మా ఐదేళ్లవాడు దువ్వెనతో గురి చూస్తేనే గుండె జారిపోయే తల్లిని. గ్యాస్ కట్టేశానో లేదో అని పడుకున్నాక కూడా లేచి చూసే రకం. వాడిని నిద్రపుచ్చి ఇది రాయడం మొదలుపెట్టాక కూడా ఒకసారి వెళ్లి చూసి వచ్చాను. కట్టేసే ఉంది.)

మేడ్చల్ దాటాక, రైలుకట్టకు అవతల, బోర్డు లేని ఒక రేకుల షెడ్డు మా కార్ఖానా. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. తెల్ల గడ్డం, చెవి మీద పెన్సిల్, రంపపు పొట్టు పట్టిన టోపీ. సినిమాలకు ఉత్తుత్తి తుపాకులు చేసి ఇవ్వడం ఆయన పని. అవి పేలవు. పేలడానికి లోపల ఏమీ ఉండదు. తుమ్మ చెక్క, ఇనుప గొట్టం, ఇత్తడి రేకు, అంతే. షెడ్డు వెనక గదిలోనే ఆయన భార్య చాచీ వంట. పొద్దస్తమానం పాన్ నములుతూ మా పనిని, మమ్మల్ని, వచ్చేపోయే వాళ్లను ఒకే స్వరంతో తిట్టేది. ఎవరు ఏ తుపాకీ తీసుకుపోయారో, ఎవరు విరగ్గొట్టి తెచ్చారో చూసుకోవడం నా వంతు. మచ్చ బొల్లారం నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టులు చేసే మా నాయిన కాలనీలో మాత్రం "మా పోరి ఫర్నిచర్ కంపెనీల చేస్తది" అని చెప్పుకునేవాడు. (అబద్ధం కాదు. చెక్కపనే కదా.)

ఉస్తాద్‌కు ఒకటే దిగులు. ఎన్నో సినిమాలకు పనిచేశాడు కానీ ఆయన తుపాకులు ఎప్పుడూ వెనక వరుసలోని సిపాయిల చేతుల్లోనే ఉండేవి. హీరో చేతికీ, కెమెరా దగ్గరగా చూపించేవాళ్ల చేతికీ తుపాకులు బొంబాయి నుంచి వచ్చేవి. "దుమ్ము లేస్తది బిడ్డా, గా దుమ్ముల నా పని పోతది" అనేవాడు చాయ్ గ్లాసులోకి చూస్తూ. "ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి దగ్గర్నుంచి తీస్తే సాలు. చూసినోడు గిది అసలుదే అనుకోవాలె. గంతే నాకు."

ఆ ఏడాది ఆ రోజు వచ్చింది. పాతకాలపు కోటల కథతో ఒక పెద్ద సినిమా శామీర్‌పేట చెరువు వెనక మైదానంలో తీస్తున్నారు. సెట్టింగులు చూసే కళ్లద్దాల సార్ మా షెడ్డుకు వచ్చి, ఉస్తాద్ చేసిన ఒక తుపాకీని చాలాసేపు తిప్పి చూసి, హీరోది కూడా మీరే చెయ్యండి అన్నాడు. వత్తితో పేలే పాత రకం. ఉస్తాద్ వాటిని తోడేదార్ అనేవాడు. ఆ తర్వాత ఉస్తాద్ నిద్రపోయాడో లేదో నాకు తెలియదు. నేను పొద్దున వచ్చేసరికి చెక్కుతూ ఉండేవాడు, సాయంత్రం పోయేసరికి చెక్కుతూ ఉండేవాడు. హీరో తుపాకీ కుందాను, అంటే భుజానికి ఆన్చే చెక్క భాగాన్ని, పసిపిల్ల చెంపను తడిమినట్టు తడిమేవాడు.

సరుకు పంపే ముందు దసరా వచ్చింది. కుందాలన్నీ నున్నగా గీకి వరుసగా గోడకు ఆనించి ఉన్నాయి, పాలిష్ ఒక్కటే మిగిలింది. మా ఇంట్లో ఆయుధ పూజ అంటే నాయిన సైకిల్ పంపు నుంచి అవ్వ కత్తిపీట దాకా దేన్నీ వదలం. అటువంటిది, నిజంగా ఆయుధాల ఆకారంలో ఉన్నవి కళ్ల ముందు ఇన్ని ఉండగా పూజ చెయ్యకపోతే ఏం అరిష్టం తగులుతుందోనని నాకు భయం పట్టుకుంది. (భయం నాకు అప్పుడూ ఉంది. పిల్లవాడు పుట్టాక వచ్చింది కాదు.) ఉస్తాద్‌ను అడిగితే, "నీ పండుగ నువ్వు చేస్కో బిడ్డా, నాకేం తక్లీఫ్ లేదు" అని, ఇత్తడి రేకు కోసం గాజులరామారం వెళ్లిపోయాడు. నేను నిమ్మకాయలు కోసి, రంపానికి, డ్రిల్లు మిషన్‌కు, ట్రాలీ ఆటోకు, ఉస్తాద్ స్కూటర్‌కు, ఆఖరికి చాచీ రోలుకు కూడా బొట్లు పెట్టాను. తుపాకుల దగ్గరికి వచ్చేసరికి కుంకుమ అయిపోయింది. పసుపు ఉంది. చాచీ పాన్‌దాన్‌లో సున్నం ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని మా అవ్వ చేతుల్లో చూసి పెరిగిన దాన్ని. ఇంకేం కావాలి? గిన్నెలో కలిపి, ఒక్కో కుందాకు రూపాయి బిళ్లంత పెద్ద బొట్టు, దాని చుట్టూ చిన్న చుక్కలు పెట్టుకుంటూ వెళ్లాను. హీరో తుపాకీకి చుట్టూ ఇంకో వరస చుక్కలు పెట్టాను. హీరో కదా మరి.

మర్నాడు తడిబట్టతో తుడుద్దామని చూస్తే పైనున్నది పోయింది, కిందున్నది పోలేదు. ఎరుపు కాస్తా ముదిరి, చెక్క లోపలి నుంచే పుట్టిన మచ్చలా, ఎండిన నెత్తురు రంగుకు తిరిగింది. చాచీ వచ్చి చూసి, నోట్లో పాన్ అటు నుంచి ఇటు మార్చుకుంది. "పెండ్లిపిల్ల కాళ్లకు పారాణి పెట్టుడు చూసిన గని బేటీ, బందూక్‌లకు పెట్టుడు ఇయ్యాలనే చూస్తున్న. ఇగ మెట్టెలు గూడ తొడుగు." నాకు ఏడుపు వచ్చింది. ఉస్తాద్ హీరో తుపాకీ తీసుకుని గరుకు కాగితంతో గీకాడు. గీకిన కొద్దీ లోపల ఇంకా ఉంది. కొంతసేపటికి ఆగి, చెక్కను కంటి ఎత్తుకు లేపి చూశాడు. "సున్నం తుమ్మను కరుస్తది. చెక్క దాన్ని మింగింది బిడ్డా, ఇగ కక్కదు. ఇంక గీకితే కుందా సన్నగైతది" అన్నాడు. ఆ మాట కోపంగా అన్నా బాగుండేది. పాలిష్‌తో కప్పుదామని చూస్తే, తడి తగలగానే బొట్లు దీపాల్లా వెలిగాయి. కొత్తవి చెయ్యడానికి వ్యవధి లేదు. ఇన్నేళ్లకు ముందు వరుసలోకి వచ్చిన ఆయన తుపాకీ నా పారాణి వల్ల మళ్లీ దుమ్ములోకి పోతుంది, అది కూడా తెర దాకా చేరకముందే.

ట్రాలీలో తుపాకుల పక్కన కూర్చుని నేనూ వెళ్లాను. తిట్లు తినడానికి ఒక మనిషి ఉండాలి కదా అని. కానీ మైదానంలో దిగాక భయం మాట మరిచిపోయాను. నిన్నటిదాకా గొర్లు మేసిన చోట కోట లేచి ఉంది. ప్లైవుడ్డని తెలుసు, పైన సున్నపు పూత అని తెలుసు, అయినా మెడ వెనక్కి వాల్చి చూస్తూ నిలబడిపోయాను. గుర్రాలు, తలపాగాల మనుషులు, చెరువు నీళ్లలో తలకిందులుగా ఇంకో కోట. కళ్లద్దాల సార్ గోనెపట్ట విప్పేదాకా నేను ఎందుకు వచ్చానో గుర్తు రాలేదు. "ఏంటివి, ఈ మచ్చలేంటి?" అన్నాడాయన. ఉస్తాద్ నోరు తెరిచేలోపు వెనక నుంచి డైరెక్టర్ వచ్చాడు. హీరో తుపాకీని చేతిలోకి తీసుకున్నాడు. బొట్టు మీద వేలు పెట్టాడు. అందరూ ఆయన వేలినే చూస్తున్నారు.

"ఆ రోజుల్లో ఇలా పెట్టేవాళ్లా?" అని అడిగాడు, ఎవరినీ చూడకుండా.

బీకాం చదివిన దాన్ని. మా కోర్సులో చరిత్ర లేదు. ఇంట్లో బల్లి అరిచినా మంచికా చెడుకా అని ఇద్దరిని అడిగే పిరికిదాన్ని. కానీ ఉస్తాద్ గడ్డం వణకడం చూశాను. "పెట్టేవాళ్లు సార్, దసరాకు" అన్నాను. నా గొంతు నాదిలా లేదు. డైరెక్టర్ నన్ను చూసి, మళ్లీ బొట్టును చూసి, "దీనికి క్లోజప్ వేద్దాం" అన్నాడు. ఉస్తాద్ గోనెపట్టను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

సినిమా విడుదలయ్యాక ముగ్గురం మేడ్చల్‌లో హాలుకు వెళ్లాం. యుద్ధం ముందు హీరో తుపాకీ ఎత్తుతాడు. అప్పుడు తెరంతా మా కుందాయే. మూడంతస్తుల ఎత్తున తుమ్మ చెక్క, దానిలోని ప్రతి గీత, మధ్యలో సూర్యుడంత నా బొట్టు. హాలు ఈలలతో ఊగిపోయింది. నా వేలిముద్ర అంచు కూడా కనిపించింది. నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఉస్తాద్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చాచీ ఒక్కతే మామూలుగా ఉంది. "పాలిష్ మంచిగొచ్చింది" అంది.

అక్కడి నుంచి మొదలైంది. పెళ్లికి ముందు ఫోటోలు దిగే జంటలు శామీర్‌పేట రిసార్టుల నుంచి ఫోన్లు చేసేవాళ్లు. పెళ్లికొడుకు భుజాన బొట్టు తుపాకీ ఉండాల్సిందే. బారాత్‌లకు, కాలేజీ ఫంక్షన్లకు, ఒకసారి అయితే సీమంతానికి కూడా పోయింది. (ఎందుకని అడగలేదు. కిరాయి సరుకు క్షేమంగా తిరిగొచ్చింది.) ఆ తర్వాత ఫోన్లలో ఆడుకునే ఒక ఆటలోకి కూడా ఆ తుపాకీ ఎక్కింది. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు బైకుల మీద వచ్చి, నేను పుట్టి ఎరగని పాత తుపాకుల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు. "అక్కా, దీని డ్యామేజ్ ఎంత?" అని ఒకడు అడిగితే, "ఏం డ్యామేజ్ లేదు తమ్మీ, కొత్త సరుకే" అన్నాను. వాళ్లు నవ్వుకుంటూ, డ్యామేజ్ అంటే ఆటలో దాని దెబ్బకు ఎంత బలమో అని చెప్పి, నాకు ఆట చూపించారు. అందులో ఆ తుపాకీ పక్కన రాసి ఉంది: దక్కన్ సిపాయిలు యుద్ధానికి ముందు రక్తతిలకం దిద్దే ఆచారమట, దానివల్ల గురికి అదనపు బలమట. నేను ఆ చిన్న తెరను అట్లా చూస్తూనే ఉండిపోయాను. చాచీ పాన్‌దాన్‌లోని సున్నం, ఎక్కడో ఎన్ని దేశాల్లోనో, ముఖం తెలియని పిల్లల గురికి బలమిస్తోంది.

ఆ సందడిలోనే ఫారంహౌజ్ సార్ వచ్చాడు. శామీర్‌పేట దగ్గర ఆయనకు మామిడితోట, అందులో ఇల్లు. కారు దిగి, దుప్పటిలో చుట్టిన పొడుగాటిది బల్ల మీద పెట్టాడు. ఉస్తాద్ దుప్పటి మడతలు తీస్తూ తీస్తూ సగంలో ఆగిపోయాడు. అది అసలుది. గొట్టం మూతికి సీసం పోసి మూసిన, ఎప్పటికీ పేలని, కానీ ఒకప్పుడు నిజంగా పేలిన తోడేదార్. సినిమా చూశాక ముచ్చటపడి పాత సామాన్ల వేలంలో కొన్నాడట. (కాగితాలున్నాయా అని నేను ముందే అడిగాను. చూపించాడు. మళ్లీ చూపించమన్నాను.)

"ఇంటికొచ్చినోళ్లంత ఫోన్ల బొమ్మ తీసి పక్కన పెట్టి చూస్తున్రు" అన్నాడు సార్, అవమానంగా. "బొట్టు లేదు, గిది డూప్లికేట్ అంటున్రు. మా బామ్మర్దైతే మొహం మీదనే నవ్విండు. మీరు పెడ్తరట గద, దీనికి గూడ ఒకటి పెట్టున్రి."

"గిది అసలుది సార్" అన్నాడు ఉస్తాద్, గొంతు తగ్గించి.

"అసలుదే. గందుకే అంటున్న, అసలుది లెక్క కనవడాలె గద."

ఉస్తాద్ నావైపు చూశాడు. ఒక్క వేలి సున్నం తగిలితే ఆ చెక్క ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నేను ధైర్యం చేసి, "సార్, గా బొట్టు పెట్టింది నేనే. కుంకుమ అయిపోతే పసుపుల సున్నం కలిపి పెట్టిన" అన్నాను. సార్ నన్ను జాలిగా చూశాడు. "చిన్నపిల్లవు, నీకేం తెలుస్తదమ్మా. సినిమావాళ్లు ఎంత రీసెర్చ్ చేసి తీసిన్రో. గేమ్‌ల గూడ రాసిన్రు, మా కొడుకు చూపెట్టిండు." ఉస్తాద్ చేతులు జోడించాడు. వద్దు సార్, పాడైతది అన్నాడు. సార్ దుప్పటి చుట్టడం మొదలుపెట్టాడు. "మీరు పెట్టకుంటే సిటీల పెట్టెటోళ్లు లేరా ఏంది?" ఉన్నారు. అప్పటికే పాతబస్తీలో ఎర్ర రంగు డబ్బాలతో బొట్లు దిద్దే దుకాణాలు లేచాయి. ఉస్తాద్ ముఖం చూడలేకపోయాను. ఎన్నాళ్లనుంచో మ్యూజియం అద్దాల వెనకే చూసిన వస్తువు బల్ల మీదికి వచ్చి, అట్లాగే మాయమవబోతోంది, పైగా ఆయన పనిలాగా మారిపోవడానికి. చూసినవాళ్లు అసలుదే అనుకోవాలని కోరుకున్నాడు కానీ, అసలుదాన్ని నకిలీ అనాలని కోరుకోలేదు.

అప్పుడు వెనక గది గడపలోంచి చాచీ గొంతు వినిపించింది. "ఇప్పుడు బొట్టా? దసరా పోయి ఎన్ని దినాలాయె?"

సార్ చేతులు ఆగాయి. "ఏమైతది?"

"ఏమైతదా? దసరా నాడు తప్ప ఇంకోనాడు పెడ్తే గా బందూక్ ఇంటోళ్ల దిక్కే తిరుగుతది సార్. గిది తెల్వకనే పెట్టిచ్చుకుంటున్నవా? నీ సిటీ దుకాణపోనికి ఏం పోతది, వాని ఇల్లా?" పాన్ ఉమ్మి వచ్చి మళ్లీ అందుకుంది. "అడుగు, గీ పోరిని అడుగు, మీ పండుగనే గద."

సార్ నన్ను చూశాడు. నేను చాచీని చూశాను. పక్కా నమాజీ మనిషి, దసరాకు జమ్మి ఆకు అంటే బంగారమని కూడా నా దగ్గరే తెలుసుకున్న మనిషి, మా పండుగకు అప్పటికప్పుడు కొత్త శాస్త్రం రాసి నా నోటికి అందించింది. "అవును సార్, కీడు" అన్నాను. ఈసారి గొంతు నాదే. ఉస్తాద్ వెంటనే, దసరా దాకా గోడకు పెట్టుకోవడానికి బొట్టుతో ఒకటి చేసిస్తాను, కొలతలకు ఇది మధ్యాహ్నం దాకా ఉంచండి అన్నాడు. సార్ ఆలోచించి, తుపాకీకి కాపలాగా అక్కడే కుర్చీ వేసుకున్నాడు. చాచీ ఆయనకు చాయ్ ఇచ్చింది, కప్పు బద్దలుకొడితే కొత్తది కొనాలని చెప్పి మరీ.

ఆ మధ్యాహ్నం ఉస్తాద్ అసలుదాన్ని నా చేతుల్లో పెట్టాడు. నేను ఉలిక్కిపడి వదిలేయబోయాను. "పట్టు బిడ్డా, ఏం గాదు." ఎంత బరువో. మా తుపాకులు ఎత్తినట్టు ఎత్తబోతే మోచేతులు కిందికి గుంజుకుపోయాయి. కుందా మీద ఒకచోట చిన్న గుంట ఉంది, నున్నగా, అరచేయి పట్టేంత. ఉస్తాద్ నా వేలు పట్టుకుని అందులో పెట్టాడు. ఎవరో చెంప ఆన్చిన చోటు. ఒకరో, తండ్రీ కొడుకులో, గురి చూసి చూసి చెక్కను అరగదీశారు. ఏం గురి చూశారో, జింకనో మనిషినో, ఎవరికి తెలుసు. నా వేలు అక్కడే ఉండిపోయింది. "ఇన్నేండ్ల సంది చేస్తున్న, గిది నాకు ఎర్కలేకుండె" అన్నాడు ఉస్తాద్. "కొత్తదాంట్ల గిది చెక్కుతరా?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గది చెక్కేది కాదు బిడ్డా. అరిగేది."

ఫారంహౌజ్ సార్ గోడకు మా తుపాకీ ఎక్కింది. అసలుదేనని బామ్మర్ది ఒప్పుకున్నాడట. అసలుది బీరువాలోకి పోయింది. దసరాకు దానికి బొట్టు పెట్టమని మళ్లీ వస్తాడేమోనని నేను ఏడాదంతా భయపడ్డాను కానీ, ఆలోపు కత్తుల సినిమా ఒకటి వచ్చి ఊరంతా కత్తుల వెంట పడింది. సార్ కూడా వచ్చాడు, కత్తి కోసమే. తుపాకీ ఊసెత్తలేదు. దాని చెక్కకు ఇప్పటికీ సున్నం తగల్లేదని నా నమ్మకం.

మొన్న పొద్దున ఇడ్లీ తినిపిస్తుంటే మా వాడు వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని ఆ ఆట తెరిచాడు. వద్దంటూనే నేనూ తొంగిచూశాను. బొట్టు తుపాకీ ఇంకా అందులో ఉంది. ఉండబట్టలేక, "గిది అమ్మ నిజంగ పట్టుకుంది, ఎర్కనా" అన్నాను. వాడి నోరు ఇడ్లీతో సహా తెరుచుకుంది. పుట్టిన తర్వాత నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదటిసారి.

"ఎంతమందిని కాల్చినవ్?"

"ఎవ్వర్ని కాల్చలే. బొట్టు పెట్టిన."

వాడు కాసేపు నన్ను చూశాడు. గౌరవం మెల్లగా దిగిపోయి దాని చోటికి జాలి వచ్చింది. "నీకు ఆడుడు రాదమ్మా" అని ఫోన్‌లోకి తిరిగిపోయాడు.

నిజమే, రాదు. సున్నం కలిపిన గిన్నె పట్టుకుని, ఎక్కడ అరిష్టం తగులుతుందోనని ఒక్కదాన్నీ వదలకుండా తుపాకీ నుంచి తుపాకీకి భక్తిగా జరిగిన ఆ పిల్లకూ రాదు. మిగిలిన ఇడ్లీ ముక్క నేనే నోట్లో వేసుకుని, ఆ పిల్లను తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాను.